వేడినీటి గొట్టంలో చిక్కిన గాలి

కరోనా తగ్గిన తరువాతి చలికాలంలో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలానికి సర్వీసు సూపర్‌వైజర్‌గా పంపారు. సోలార్ వాటర్ హీటర్ల పని. నేను ఐటీఐ చదవలేదు. గొట్టాల వాలు, నీటి మట్టాల లెక్కలు పనిలోనే నేర్చుకున్నాను.

అడవి అంచు ఊళ్లో ఉండే లక్ష్మయ్య అనే టీచరు ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఎండ బాగానే కాస్తోంది, స్నానాల గదిలో మాత్రం వేడినీళ్లు ఆగి ఆగి వస్తున్నాయి.

డాబా ఎక్కి చూశాను. ట్యాంకులో నీళ్లు డెబ్బై నాలుగు డిగ్రీలున్నాయి. హీటరులో లోపం లేదు. కానీ మేము ఈశాన్యాన బిగించిన హీటరు ఇప్పుడు నైరుతిలో ఉంది.

"వాస్తు చూసెటాయన ఈశాన్యంల బరువుండొద్దన్నడు సార్. గందుకే ఇటు జరిపిచ్చిన," అన్నారు లక్ష్మయ్య గారు.

స్నానాల గది మాత్రం పాత చోటనే ఉంది. అందువల్ల వేడినీటి గొట్టాన్ని మెట్ల గది కప్పు మీదికి ఎక్కించి, అవతలికి దించారు. నీరు వేడెక్కితే అందులో కలిసి ఉన్న గాలి విడిపోయి, గొట్టంలో అన్నిటికంటే ఎత్తైన చోట చేరుతుంది. ఇక్కడ ఆ చోటు కప్పు మీది వంపు. చన్నీళ్ల ట్యాంకు మట్టం దానికంటే అడుగున్నరే ఎత్తు. అంత తక్కువ ఒత్తిడికి గాలి సులభంగా కదలదు.

ఇది వివరిస్తుండగా కింద నుంచి ఆయన భార్య రాములమ్మ గారి కేక వినిపించింది. "నల్లా మళ్ల దగ్గుతున్నది! దీనికి గూడ సర్దైందా ఏంది?"

దిగి వెళ్లాను. ఆమె పీట మీద కూర్చుని కాళ్లు నల్లా కిందికి చాపారు. కాళ్ల మీద నెల నిండిన మనవరాలు. ఆమె నలుగు పెడుతున్నారు. నల్లా పూర్తిగా తిప్పి ఉంది, గాలి తప్ప నీటి చుక్క లేదు.

"పిల్లను తియ్యండమ్మా!" అని అరిచాను.

"ఏమైందయ్యా?" అంటూనే ఆమె పిల్లను ఎత్తుకుని పక్కకు జరిగారు. నల్లా రెండుసార్లు బుసకొట్టి, పొగలు కక్కే నీళ్లను ఒక్కసారిగా బండ మీదికి చిమ్మింది. బకెట్లో పట్టి కొలిస్తే డెబ్బై ఒకటి.

గొట్టాన్ని వంపు లేకుండా మళ్లీ వేయాలని, అప్పటిదాకా వంపు మీద గాలి బయటికి పోయే గొట్టం ఒకటి నిలబెట్టాలని చెప్పాను. దాని పై మూతి తెరిచి ఉండాలి, చన్నీళ్ల ట్యాంకు కంటే ఎత్తుండాలి. లేకపోతే అందులోంచి నీళ్లు పొర్లుతాయి.

లక్ష్మయ్య గారు నసిగారు. "ఇంటికి కొమ్ము మొలిచినట్టుంటది సార్."

"మొలిస్తే మొలవనియ్," అన్నారు రాములమ్మ గారు. "పోరి కాళ్లు కాలితే నీ వాస్తు ఆయన వచ్చి మందు రాస్తడా?"

ట్యాంకు అవతలి గొట్టాలు మా బాధ్యత కాదు. మా ఇంజినీరుకు ఫోన్ చేసి అనుమతి తీసుకుని, ఆ రోజే గాలి గొట్టం బిగించాను. నల్లా పదిసార్లు తిప్పి చూశాను. ధార తెగలేదు.

అసలు నీరు రాని నల్లా కంటే ఆగి ఆగి వచ్చే నల్లా ప్రమాదం. ఆ తరువాత అలాంటి ఫిర్యాదు వస్తే ఫోన్లోనే ముందు ఒక మాట చెప్పేవాణ్ణి: నేను వచ్చేదాకా దాని కింద ఎవరినీ కూర్చోబెట్టకండి.