రాములమ్మ తెడ్డు దెబ్బ

రాములమ్మ చేతి దెబ్బ తిననివాళ్ళు మా చెరువు కట్ట మీద తక్కువ. నేనూ తిన్నాను. తొండుపల్లి అవతల ఆ కట్ట మీద నాది టీ బండి, పక్కనే చేపల సొసైటీ వాళ్ళ రేకుల షెడ్డు. ఒకరోజు టీ ఇవ్వడానికి అందులోకి వెళ్ళి స్టీలు గ్లాసు రాములమ్మ పడవ బ్యాటరీ మీద పెట్టబోయాను. ముంజేతి మీద ఒక్కటి పడింది, టీ అంతా నా చీర మీద ఒలికింది.

"రెండు కొనల మీద స్టీలు వడితే నిప్పులు లేస్తయి వరమ్మక్కా" అంది.

చెప్పి కొట్టొచ్చు కదా తల్లీ అంటే, "చెప్పేలోపల పెడ్తవ్" అంది.

ఆమె మా చెరువుకు కాపలాదారు. నీళ్ళలో మందుగుండు తోటాలు పేల్చి చేపలు చంపే దొంగల పని పట్టడానికి సొసైటీ ఆమెకు చిన్న ఫైబర్ పడవ ఇచ్చింది. దాని వెనక బ్యాటరీతో తిరిగే మోటారు. పెట్రోలు ఇంజనైతే చప్పుడుకే దొంగలు పారిపోతారు, ఇది నీళ్ళ మీద సద్దు లేకుండా పోతుంది. దొంగలు ఆమెను చూసేసరికే వాళ్ళ నెత్తిన తెడ్డు ఉంటుంది. నిరుడు ఒకడి భుజం ఎముక విరగ్గొట్టింది. వాడు కేసు పెడతానంటే, రెండో భుజం కూడా చూపించమంది.

ఆ కోపానికి కారణం ఆమె మొగుడు పెంటయ్య కుడి చెయ్యి. మోచేయి కింద ఏమీ లేదు. వయసులో ఉన్నప్పుడు అతనూ తోటాలు వేసినవాడే. మా చెరువు మీదుగానే విమానాలు దిగుతాయి. దొంగలు వత్తి ముట్టించి, విమానం నెత్తి మీదికి వచ్చేదాకా తోటా చేతిలోనే పట్టుకుంటారు. ఆ మోతలో పేలిన సంగతి కట్ట మీద ఎవరికీ వినపడదు. పెంటయ్య ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాడు.

ఇప్పుడు అతని పనల్లా బ్యాటరీలే. ఒక్కో మూత విప్పి గాజు గొట్టం ముంచి, లోపలి పుల్ల ఎంత తేలిందో చూసి ఏ గది బలంగా ఉందో చెబుతాడు. చార్జి సగం దిగగానే పడవను కట్టకు తెమ్మంటాడు. వాటిలో నీళ్ళు పోసేటప్పుడు మాత్రం ఒంటి చేత్తో గరాటు, డబ్బా రెండూ పట్టుకోలేడు. గరాటు రాములమ్మ పట్టుకుంటుంది, తిట్టుకుంటూ.

వాళ్ళ కొడుకు గోవర్ధన్ ఎయిర్‌పోర్టులో మూటలెత్తే పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఒక ఆదివారం రవ్వ చేపలు తెచ్చాడు. రాములమ్మ కోస్తుంటే ఒక్కదానికీ వెన్నుముల్లు సరిగ్గా లేదు, లోపల నలిగి ముక్కలైంది, చుట్టూ రక్తం గడ్డకట్టింది. వలలో పడ్డ చేప అలా ఉండదు, తోటాకు చచ్చినదే అలా ఉంటుంది. కత్తిపీట మీంచి లేచి, చేతిలోని చేపతోనే కొడుకు మొహం మీద కొట్టింది. చేప చితికాక చీపురు తీసింది. వాడు గోడ దూకి పోయాడు. రెండు రోజులు ఇంటికి రాలేదు.

మూడో రోజు పొద్దున నేను పాలు కాస్తుంటే షెడ్డులోంచి కేకలు. రాత్రంతా కరెంటు లేదు, పెంటయ్య బ్యాటరీలను అప్పుడే కాసేపు చార్జింగుకు పెట్టాడు. చెరువు నడుమ తెప్ప మీద ఎర్ర చొక్కా కనిపించింది. ఆ చొక్కా ఉతికింది రాములమ్మే. ఆమె చార్జరు క్లిప్పులు పీకి మీటరు చూసింది.

"నిండింది."

"నిండలేదే! గిప్పుడే చార్జరు తీసినవ్. అది ఉత్త పాలపొంగు. జర సేపాగితే అసలుది తెలుస్తది. నడుమల నిలవడిపోతవ్!"

"నువ్వు ఆగే చెయ్యి పోగొట్టుకున్నవ్" అని అతన్ని ఒక్క తోపు తోసింది. పెంటయ్య గోడకు కొట్టుకుని కింద పడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. ఆమె అప్పటికే బ్యాటరీలు మోసుకుపోయి పడవలో పెట్టింది.

మోటారు పూర్తి వేగంలో పెట్టింది. జీవితంలో ఏ పనీ నెమ్మదిగా చేసిన మనిషి కాదు. సగం దూరం పోయేసరికి మీటరు ముల్లు ఎర్ర గీతలోకి పడిపోయిందట, మోటారు మూలిగింది. శంషాబాద్‌లో దిగబోయే విమానం ఆకాశంలో చుక్కలా కనిపిస్తోంది. ఒడ్డున పెంటయ్య మోకాళ్ళ మీద లేచి, "స్పీడు తగ్గియ్యే, తగ్గిస్తెనే అందాక పోతవ్" అని గొణుగుతున్నాడు, గట్టిగా అరవలేడు. అరిస్తే కొడుకు ఇటు తిరుగుతాడు, అప్పటికే వత్తి ముట్టించి ఉంటే చేతిలోది మరిచిపోతాడు.

ఆమె తగ్గించింది. బ్యాటరీని బూతులు తిడుతూ ఒకటో నంబరుకు తెచ్చానని తర్వాత నాకు చెప్పింది. పడవ మెల్లగా కదిలింది. గోవర్ధన్ ఆకాశం వైపే చూస్తున్నాడు. బీడీతో వత్తి ముట్టించాడు. నేను ప్రభువా ప్రభువా అంటూ పాలగిన్నె వదిలేశాను.

విమానం ఇంకా కట్ట దాటలేదు. వాడు తోటా పట్టుకునే ఉన్నాడు. పడవ తెప్ప పక్కకు చేరగానే రాములమ్మ లేచి నిలబడి, రెండు చేతులా తెడ్డెత్తి కొడుకు మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినపడిందట. తోటా నీళ్ళలో పడింది. చెరువు మొత్తం పైకి లేచినట్టయింది, తెప్ప, పడవ రెండూ తలకిందులయ్యాయి. బురద నీళ్ళు కిందికి వచ్చాక చూస్తే, తెల్లటి పొట్టలు పైకి తేలిన చేపల మధ్య ఆమె వాణ్ణి జుట్టు పట్టి ఈడుస్తోంది. ఆ ఈడ్చేటప్పుడు కూడా చెంప మీద కొడుతూనే ఉంది.

దవాఖానలో డాక్టరు ఎలా విరిగిందని అడిగాడు.

"బ్యాటరీ మీద వడ్డది సార్" అన్నాడు గోవర్ధన్.

"అబద్ధమెందుకురా? నేనే కొట్టిన, సార్. రాసుకో" అంది రాములమ్మ.

కట్టు కట్టాక పెంటయ్య తన ఎడమ చేత్తో, కట్టులోంచి బయటికి వచ్చిన కొడుకు వేళ్ళను ఒక్కొక్కటే ముట్టాడు. "కదిలియ్యి బిడ్డా." బొటనవేలు కదిలింది. తర్వాతి మూడూ ఒక్కొక్కటే కదిలాయి. చిటికెన వేలు కదల్లేదు. రాములమ్మ బయటికి పోయి, స్కూటర్ల మధ్య కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆమెకు ఏడవడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు బ్యాటరీల్లో నీళ్ళు పోసేటప్పుడు గరాటు గోవర్ధన్ పట్టుకుంటాడు, పెంటయ్య డబ్బా వంచుతాడు. నాలుగు వేళ్ళు గరాటు మీద ఉంటాయి, చిటికెన వేలు పక్కకు నిలబడి ఉంటుంది. రాములమ్మ ఆ సమయంలో షెడ్డు బయటే ఉంటుంది.