గూడ్సు బండి ఇంకా పోలేదు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. మిరపకాయల బస్తా అయితే దారిలో దించి భుజం మార్చుకోవచ్చు. దీన్ని దించే చోటు దొరకలేదు. మా ఆయన బతికుండగా ఆయనకు చెప్పలేదు. ఆయన పోయాక పిల్లలకు చెప్పలేదు. ఆదివారం గుడిలో అందరూ తలలు వంచి ఎవరి తప్పులు వాళ్లు దేవుడికి చెప్పుకునే వేళ కూడా దీన్ని దాటేసి, చిన్నచిన్నవాటితో సరిపెట్టాను. దేవుడికి తెలుసులే అనుకునేదాన్ని. తెలుసు సరే, నేను చెప్పానా?

నువ్వెవరో నాకు తెలియదు. అదే మేలు. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, వంకరగా ఉంటాయి. ఓపిగ్గా చదువు.

తెల్లదొరల కాలం, యుద్ధం నడుస్తున్న రోజులు. శావల్యాపురం స్టేషనుకు పొలాలకు అడ్డంపడి పోతే గంటకు పైగా నడవాల్సిన పల్లె మాది. మా ఆయన ఆ పల్లెలోనే మిషను బడిలో పంతులు. హైస్కూలు పరీక్షలో ఆయనకు అన్నీ అయ్యాయి, ఇంగ్లీషు ఒక్కటే రెండుసార్లు పోయింది. ఈసారి పాసైతే మాచర్లలో దొరసానులు నడిపే పిల్లల బోర్డింగు బడికి మారుస్తామని పైవాళ్లు చెప్పారు. ఈసారి కూడా పోతే ఇక అడగవద్దన్నారు.

ఆ పరీక్షలో రెండు కాగితాలుంటాయని నాకూ తెలుసు. పొద్దున్నది చదివే కాగితం. ఎప్పుడూ చూడని ఇంగ్లీషు పాఠం ఇస్తారు, అక్కడికక్కడే చదివి అర్థం చేసుకుని జవాబులు రాయాలి. మధ్యాహ్నానిది సొంతంగా రాసేది, ఉత్తరమో వ్యాసమో. రాసేదానికి ఆయన బెదరడు. రెండుసార్లూ దెబ్బతిన్నది చదివే కాగితంలోనే. అందుకని ఆ ఏడాదంతా దాని మీదే కూర్చున్నాడు. కిరసనాయిలు దొరకదు కాబట్టి పొద్దు ఉండగానే చదవాలి. కాగితం దొరకదు కాబట్టి పలక మీద రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాసేవాడు. నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ పైకి చదివేవాడు. నా దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆగి, ఇప్పుడు చదివినదానికి అర్థం ఇది అని తెలుగులో చెప్పేవాడు. నాకెందుకు చెప్పేవాడో. వినడానికి ఇంకెవరూ లేకనేమో. కానీ ఆయన చెప్పేటప్పుడు నాకు బాగుండేది. అది కూడా రాయాలి.

ఒకరోజు నరసరావుపేట నుంచి, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఉపదేశిగారు వచ్చారు. ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. నేను తడిక వెనక మజ్జిగ కలుపుతున్నాను.

"పాసైతే మాచర్లే గదా పంతులూ. మరి అమ్మాయి?"

"ఆవిడెందుకండీ ఆడ? సంతకం పెట్టటమే రాదు. ఆ దొరసానుల మధ్య ఏం మసులుద్ది? ఈడే మా అమ్మ దగ్గరుంటది."

ఇద్దరూ నవ్వారు. నేను మజ్జిగ తీసుకెళ్లి ఇచ్చాను. ఆ మాట ఆయన నిజంగా అన్నాడా, ఉపదేశి ముందు బడాయికి అన్నాడా? అడిగితే తేలిపోయేది. అడగలేదు. అడగలేనంత పొగరు నాకెక్కడిదో.

మా పల్లెలో గడియారం లేదు. మాకు గూడ్సు బండే గడియారం. వినుకొండ వైపు నుంచి తెల్లారుజామున ఒక గూడ్సు పోయేది. దాని కూత వినపడగానే మా ఆయన లేచి గుడి గంట కొట్టేవాడు, ఊరు లేచేది. నరసరావుపేట పోయేవాళ్లు ఆ కూతకే బయలుదేరేవాళ్లు. అప్పుడు నడక మొదలుపెడితే వెనక వచ్చే ప్యాసింజరు సరిగ్గా అందేది. అది వేళ తప్పగా ఎవరూ చూడలేదు.

పరీక్ష ముందురోజు సాయంత్రం యోబు బాబాయి వచ్చాడు. రైలు పట్టాల మీద గ్యాంగులో పని ఆయనది. మా ఆయన గంట తాడు ముడి సరిచేయడానికి గుడికి పోయి ఉన్నాడు.

"అమ్మాయ్, పంతులికి చెప్పు. రేపట్నుంచి గూడ్సుని వినుకొండలో ఆపుతారంట, మిలిటరీ బండ్లు పోవాలంట. మన ప్యాసింజరు పోయినాకగానీ అది రాదు. దాని కూత నమ్ముకున్నాడంటే బండి తప్పిపోయిద్ది. మర్చిపోమాక."

"చెప్తాలే బాబాయ్."

అన్నప్పుడు చెప్పాలనే అన్నాను. నన్ను నమ్ము. ఆయన వచ్చి అన్నం తిన్నాడు. ఉతికిన చొక్కా మడత చూసుకున్నాడు. "రేపటితో ఈ ఊరి మట్టి వదిలిద్ది నాకు" అన్నాడు. నాకు అన్నాడు గానీ, మనకు అనలేదు. నా నోరు మూసుకుపోయింది. చెప్పకూడదని నేను నిర్ణయించుకోలేదు, చెప్పడం ఆపాను అంతే అని చానా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ రెంటికీ తేడా ఏముంది? ఆ పూట తేడా ఉన్నట్టే అనిపించింది. తెల్లారేసరికి అది కూడా లేకుండా పోయింది.

ఎందుకంటే ఆయన చీకటితోనే లేచాడు. చొక్కా తొడుక్కుని, సద్దిమూట పక్కన పెట్టుకుని, గడప మీద కూర్చున్నాడు. వచ్చినదేదో పెదాలతో వల్లెవేసుకుంటూ, కూత కోసం చెవి ఒగ్గి ఉన్నాడు. నేను వాకిలి చిమ్ముతున్నాను.

"ఏమే, టైమెంతయి ఉంటదంటావు?"

ఆకాశం చూశాను. పొద్దుపొడవక ముందే చేలోకి పోయే మనిషిని, నాకు తెలియదా? వేగుచుక్క చింతచెట్టు దాటి పైకొచ్చింది. అప్పటికే ఆయన సగం దారిలో ఉండాలి.

"గూడ్సు ఇంకా పోలేదుగా. కాసేపు చదువుకోండి."

"కోళ్లు కూసినయ్యే."

"కోళ్లకేం తెలుసు."

ఆయన నవ్వాడు. "నీకు తెలిసినంత తెలవదులే" అని మళ్లీ చదువులో పడ్డాడు.

నా చేతిలో చీపురు ఆగలేదు. ఎలా ఆగలేదో ఇప్పటికీ తెలియదు. తూర్పు తెల్లబడ్డాక ఆయనకే అనుమానం వచ్చి లేచాడు. పొలాల్లో పరుగెత్తుతుండగా ప్యాసింజరు కూత వినపడిందట. స్టేషనులో ఎవరూ లేరు. రోడ్డెక్కితే, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సు ఎక్కడో మొరాయించి రాలేదు. కొంత దూరం పత్తి బండి మీద, మిగతాది నడిచి నరసరావుపేట చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. చదివే కాగితం అయిపోయింది.

మధ్యాహ్నం కాగితానికి రానిచ్చారు. రాసినా లాభం లేదని అక్కడివాళ్లే చెప్పారట. కూర్చుని మొత్తం రాశాడు. మర్నాడు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు.

"రాయకపోతే ఇన్నాళ్లు చదివింది ఏమైపోవాల? మీ ఊరి గురించి స్నేహితుడికి ఉత్తరం రాయమన్నారు. అందులో నీ సంగతి కూడా రాశా."

"నా సంగతేంది?"

"నా భార్య గడియారం లేకుండానే టైము చెబుద్ది అని."

ముఖంలో ఏమీ లేదు. చెంబు నా చేతికిచ్చి లోపలికి పోయాడు.

ఆ వారంలోనే యోబు బాబాయి బావి దగ్గర నన్ను నిలేశాడు, పంతులికి చెప్పలేదా అని. చెప్పాను బాబాయ్, చదువు ధ్యాసలో మర్చిపోయారు అన్నాను. రెండో అబద్ధానికి మొదటిదానికి పట్టినంత సేపు పట్టలేదు. ఊరంతా పంతులి మతిమరుపు చెప్పుకుని నవ్వింది. ఆ నవ్వు ఆయన దాకా పోకుండా ఉంటుందా? పోయే ఉంటుంది. ఆయన నన్నేమీ అడగలేదు.

మాచర్లకు వేరే పంతుల్ని పంపారు. మా ఆయన చివరిదాకా ఆ పల్లె బళ్లోనే ఉన్నాడు. నేనూ ఆయన పక్కనే ఉన్నాను. నేను కోరుకున్నది అదే గదా. దొరికింది. ఇంగ్లీషు పుస్తకం మాత్రం మళ్లీ తియ్యలేదు. కల్లంలో తిరుగుతూ చదివే మనిషి లేడు. మిరపకాయలు తిరగేస్తూ తలెత్తి చూసేదాన్ని, ఎవరూ ఉండేవాళ్లు కాదు.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒకరోజు ఆ పలకే తెచ్చి నా ముందు పెట్టాడు. "కూర్చో, రాసిస్తా" అన్నాడు. నలభై దాటిన మనిషిని. నా చెయ్యి పట్టుకుని దిద్దించాడు. నేను తప్పు రాస్తే విసుక్కోలేదు, తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయమనేవాడు. ఒక్కోసారి తల పైకెత్తకుండా అనుకునేదాన్ని, ఈయనకు తెలుసు. మరోసారి, తెలిస్తే ఈ పని చేస్తాడా అనుకునేదాన్ని. తెలిసి నేర్పాడో, తెలియక నేర్పాడో. ఆఖరి రోజుల్లో ఆయనకు చూపు తగ్గితే నేనే బైబిలు చదివి వినిపించాను. చదువుతూ ఆగి, ఇప్పుడు చెప్పు అనుకున్న పూటలున్నాయి. వేలు జరిపి తర్వాతి వచనానికి పోయాను.

క్షమించమని నిన్ను అడగడం లేదు. నువ్వు క్షమించేది కాదు ఇది. ఆయన నేర్పిన అక్షరాలతో ఒక్క నిజమైనా రాయాలనిపించింది, అంతే.

ఆ పూట నాకు టైము తెలుసు. తెలిసే, ఇంకా ఉందన్నాను.

రాశాను. చెయ్యి నొప్పి పుడుతోంది. కాసేపు నడుం వాలుస్తాను.