కొట్లు మూయని ఊరు

నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతి మధ్యలో బడి మానేసిన దాన్ని, ఒత్తు ఎక్కడ పెట్టాలో దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడుముకుంటాను, అందుకని ఇందులో తప్పులుంటే మీరు ఆశ్చర్యపోవద్దు. రియాద్‌లో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి మొన్న సెలవుకి వచ్చింది. అక్కడ మెట్రో రైలు వచ్చిందనీ, డ్యూటీకి అందులోనే వెళ్తున్నాననీ చెబుతూ చెబుతూ, ఇప్పుడు నమాజు వేళకి కొట్లు మూయడం లేదమ్మా అంది. చింతపండు గింజలు తీస్తున్న దాన్ని అలాగే ఆగిపోయాను. ఆ మాటకి నాకు సూయెజ్ గుర్తొచ్చింది. ఆ కథ చెబితే, ఆ పిల్ల లేచి వెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

మీలో ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఇళ్లల్లో పని చేసినవాళ్లుంటే మీకు తెలుసు, మసీదులో నమాజుకి పిలిచే బాంగు వినపడిందంటే చాలు, బజారంతా షట్టర్లు దడదడా దిగిపోయేవి, సగం బేరంలో ఉన్నవాళ్లని కూడా బయటికి పంపేసేవారు. నా చేతికి గడియారం ఉండేది కాదు. షట్టర్లు దిగడమే నా గడియారం. మధ్యాహ్నం జొహర్ అయితే అన్నాలు పెట్టాలి, సాయంత్రం అసర్ అయితే టీ పెట్టాలి, అంతే లెక్క. రియాద్‌లో నేను పని చేసిన ఇంటి యజమానిని అందరిలాగే నేనూ బాబా అనేదాన్ని, ఆయన తల్లిని పెద్ద మామా అనేదాన్ని, అక్కడ మామా అంటే అమ్మ. చెవిలో నోరు పెట్టి గట్టిగా చెబితే తప్ప ఆమెకి వినపడదు, మోకాళ్లు పట్టేసి చక్రాల కుర్చీలో ఉండేది. బాంగు అయినప్పుడల్లా వెళ్లి ఆమె భుజం తట్టి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి నీళ్లందించడం నా పని. మా ఇంట్లో ఆదివారం ప్రార్థన తప్ప ఎరగని నేను, ఐదేళ్లపాటు ఆమెకి ఐదు పూటలా నమాజు గుర్తు చేశాను.

ఆ మధ్యలోనే కువైట్ యుద్ధం వచ్చింది. సైరన్ మోగితే అందరం ఒక గదిలోకి వెళ్లి, విషవాయువు రాకుండా తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి కూర్చునేవాళ్లం. సైరన్ కూడా ఆమెకి వినపడదు కదా, అందుకని మేమిద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం. బాంగుకి ఒకసారి తట్టాలి, సైరన్‌కి రెండుసార్లు. ఆ గదిలో కూర్చున్నప్పుడే ఆమె నాకు తన అక్క సంగతి చెప్పింది. ఆమె పుట్టిల్లు ఈజిప్టులో సూయెజ్ అట. పెళ్లయి జెద్దా వచ్చాక అక్కని మళ్లీ చూడలేదట. ఈ గండం గడిస్తే ఒక్కసారి చూసి వస్తానని మొక్కుకుంది.

గండం గడిచింది. మరుసటి ఏడు పిల్లల సెలవుల్లో బాబా అందరినీ జెద్దాలో ఓడ ఎక్కించాడు, కారుతో సహా. సూయెజ్‌లో ఒక పూట ఆగి జోర్డాన్‌లో అకాబా రేవుకి పోయే ఓడ అది. మాతో పాటు డ్రైవరు కూడా వచ్చాడు, కరీంనగర్ వైపు అబ్బాయి, నన్ను అక్కా అనేవాడు. సూయెజ్ చేరేసరికి బాబా భార్య మేడమ్‌కీ పిల్లలకీ వాంతులు. బాబా వాళ్లని విడిచి రాలేక, జొహర్ అయ్యాక తల్లిని నాకు అప్పగించి, అసర్ బాంగు వినపడిన వెంటనే వెనక్కి తిరగమని మరీ మరీ చెప్పాడు. మా పాస్‌పోర్టులు ఆయన దగ్గరే ఉండిపోయాయి, మా చేతిలో ఉన్నది రేవు వాళ్లిచ్చిన చీటీ ఒక్కటే. ఓడ తప్పితే ఆ దేశంలో మేమెవరిమో చెప్పేవాళ్లు లేరు.

అంత సందడి ఊరు నేను అంతకు ముందు చూడలేదు. గాడిద బండ్లు, చేపల బుట్టలు, చెరకు రసం మిషన్లు, నెత్తిన రొట్టెల పలక పెట్టుకుని సైకిలు తొక్కేవాళ్లు. ఆడవాళ్లు ముఖం కప్పుకోకుండా రోడ్డు మీద కూర్చుని జామకాయలు అమ్ముతూ, మగవాళ్లతో సమానంగా గొంతెత్తి పోట్లాడుతున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే పెద్ద మామా కర్రతో కుర్చీ చెక్క మీద కొట్టి, పద పద అనేది. చేపల బజారు వెనక సందు అని మాత్రమే గుర్తు ఆమెకి. నలుగురిని అడిగి ఇల్లు పట్టుకున్నాం.

అక్క ఉన్నది మూడో అంతస్తులో. తుంటి విరిగి మంచం దిగలేదట. ఆమె మనవరాలు మంచాన్నే బాల్కనీ దాకా లాగింది. ఇద్దరు కొట్టువాళ్లు కుర్చీతో సహా ఎత్తుకెళ్తామన్నారు గానీ, పరాయి మగవాళ్లు తనని మొయ్యడానికి పెద్ద మామా ఒప్పుకోలేదు. ఈమె పైకి ఎక్కలేదు, ఆమె కిందికి దిగలేదు. అక్కడ కూరగాయలు కొనడానికి బాల్కనీల నుంచి తాడు కట్టిన బుట్ట దించుతారు. అలాంటి బుట్ట ఒకటి మా ముందు దిగింది. పెద్ద మామా అందులో ఖర్జూరాలు, మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్ల సీసా పెట్టింది. పైనుంచి జామకాయలు, వేడి రొట్టెలు వచ్చాయి.

పైనుంచి అక్క అరిచే మాట చెల్లెలికి వినపడదు కదా, నేను ఆ మాట పట్టుకుని, వచ్చీరాని అరబ్బీలో ఆమె చెవిలో గట్టిగా చెప్పేదాన్ని.

"అంత లావయ్యావేంటే? ఆ దేశంలో తినడం తప్ప పని లేదా?" అంది అక్క.

"మంచం దిగలేని ముసలిదానివి, నన్నంటావా?" అని ఈమె.

సందంతా నవ్వింది. వాళ్లిద్దరూ కూడా నవ్వారు.

అప్పుడే బాంగు వినపడింది. నేను చెయ్యెత్తి, అలవాటుగా చుట్టూ చూశాను. చెరకు మిషను తిరుగుతూనే ఉంది, చేపలు తూస్తూనే ఉన్నారు, ఒక్క షట్టరూ దిగలేదు. అక్కడ ప్రతి కొట్లోనూ మేం వచ్చినప్పటి నుంచీ రేడియో మోగుతూనే ఉంది, ఇదీ రేడియోనే అనుకుని చెయ్యి దించేశాను. కాసేపటికి ఇంకో వైపు నుంచి ఇంకో బాంగు. కొట్లు తెరిచే ఉన్నాయి. అది కూడా రేడియోనే అనుకున్నాను. కొట్లు మూస్తే బయల్దేరదాం అని నిలబడి, ఆ పైనున్నామె మాటలు ఈమె చెవిలో వేస్తూ ఉన్నాను. ఆఖరికి ఇద్దరూ చేతుల్లో ఉన్న, జపం చేసుకునే తస్బీ దండలు బుట్టలో వేసి మార్చుకున్నారు. అప్పుడు మసీదులోంచి నమాజు ముగించి బయటికొస్తున్న మగవాళ్లని చూశాను. నేను విన్నది రేడియో కాదు, అసర్ బాంగేనని అప్పుడు తెలిసింది.

ఆ కుర్చీని ఎలా తోశానో నాకు తెలియదు. రేవు గేటు దాటేసరికి ఓడ కూత వేసింది, కానీ కార్లు ఎక్కే దాని పెద్ద తలుపు ఇంకా తెరిచే ఉంది. ఊళ్లో దిగే కార్లకి దారివ్వడానికి మా కారుని బయటికి తీసి మళ్లీ ఎక్కించాలట. మా డ్రైవరు తమ్ముడు దాన్ని సరిగ్గా ఆ తలుపు పలక మీద నిలబెట్టి, బానెట్ ఎత్తి లోపల తల పెట్టి ఉన్నాడు. ఓడవాళ్లు చుట్టూ చేరి కేకలు వేస్తున్నారు.

"గిప్పుడా అక్కా అచ్చేది? బండి ఖరాబైందని గంట సంది నాటకం ఆడుతున్న. బాంగు ఇనవడలేదా?"

"వినపడింది తమ్ముడూ. కొట్లు మూయలేదు కదా, రేడియో అనుకున్నాను."

"ఇది రియాద్ అనుకుంటివా? ఈడ ఎవ్వడూ బంద్ జెయ్యడు. ఓడోళ్లు నన్ను ఎన్ని తిట్లు తిట్టిన్రో, అన్నీ సమజ్ గాలేదు గని, నయమే." అని బానెట్ వేసి తాళం తిప్పాడు. కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది.

బాబా పైన ఎర్రటి మొహంతో నిలబడి ఉన్నాడు. బాంగు వినలేదా అని నన్ను అడిగాడు. నా పని పోయింది, ఇంటికి పంపేస్తాడు అనుకున్నాను. అప్పటికి నా పిల్ల మూడో తరగతి, నేను పంపితేనే దానికి ఫీజు. నేను నోరు తెరిచేలోపు పెద్ద మామా కర్ర ఎత్తింది.

"బాంగు నేను విన్నాను. దీన్ని నేనే ఆపాను."

ఆమెకి బాంగు వినపడదని ఆ ఇంట్లో చంటిపిల్లకి కూడా తెలుసు. బాబా ఆమెని చూశాడు, ఆమె చేతిలో ఉన్న కొత్త తస్బీని చూశాడు. కుర్చీ తనే తోసుకుని లోపలికి వెళ్లాడు. ఆ సాయంత్రం మొట్టమొదటిసారి నేను ఆమె భుజం తట్టకుండానే ఆమె నీళ్లడిగింది, తప్పిపోయిన నమాజు కోసం.

తరవాత రెండేళ్లకి ఆమె పోయింది. అక్కాచెల్లెళ్లు మళ్లీ కలవలేదు. ఇప్పుడు మా అమ్మాయి చెబుతుంది, ఎవరి ఫోన్లో వాళ్లకే బాంగు మోగుతుందట, కొట్లు తెరిచే ఉంటాయట. మంచిదే, కొనుక్కునేవాళ్లకి సుఖం. అయినా మా ఊరి మసీదులో పిలుపు వినపడినప్పుడల్లా నా కుడి చెయ్యి కొంచెం లేస్తుంది, తట్టడానికి భుజం లేక మళ్లీ ఒళ్లోకి దిగిపోతుంది.

ఇదీ నేను రాయగలిగింది. అక్షరాల్లో నేను చేసిన తప్పుల్ని, పెద్ద మామాలాగా, మీరే చేశామని చెప్పి నన్ను కాయండి.