వజ్రమ్మ వేసిన పదకొండు వేలిముద్రలు

మా అమ్మమ్మ వజ్రమ్మ ఉపవాసం ఉన్న రోజు ఆమె పక్కకు పోవడానికి మేకలు కూడా జంకేవి. శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన అయిపోగానే అందరూ ఇండ్లకు పోయి అన్నం తినేవాళ్లు. ఈమె మాత్రం పొద్దు గూకేదాకా ఉమ్మి కూడా మింగేది కాదు. అందరూ అన్నం తినే వేళకు నేను తిట్లు తినేదాన్ని.

కోరుట్ల నుంచి ఆటోలో అరగంట పోతే మా మండలం వస్తుంది. మండలాఫీసు గోడ పక్కన నాలుగు రేకుల కింద అమ్మమ్మ హోటల్. చాయ్, మిర్చి బజ్జీ, ఇంకేమీ ఉండదు. 'వజ్రమ్మ హోటల్' అని బోర్డు రాసింది నేనే. తొమ్మిదో తరగతిలో లెక్కలు నన్ను బడి బయట పడేశాయి. నేర్చుకున్న చదువంతా ఆ బోర్డు మీదనే పెట్టాను.

రెండువేల పది మొదట్లో, తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు లేచినప్పుడు, మా హోటల్ ఎదురుగానే ఒకటి లేచింది. రిలే నిరాహార దీక్ష. ఒకరోజు ఆటోవాళ్లు, ఒకరోజు బీడీలు చేసే ఆడవాళ్లు, ఒకరోజు రైతులు. పొద్దున దండలు వేసుకుని కూర్చోవాలి, సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి.

టెంటు లేచిన రోజే అమ్మమ్మ బజ్జీల మూకుడు బోర్లించింది. "ఎదురుంగ మనుషులు ఆకలితోని కూసుంటే నేను నూనె వాసన పెట్టాల్నా?" అంది. దండలు పడకముందు ఒకసారి, నిమ్మరసం అయ్యాక ఒకసారి చాయ్ పెట్టేది. ఒక ఆటో ఆయన మధ్యాహ్నం టెంటు వెనక నుంచి వచ్చి సగం గ్లాసు చాయ్ అడిగితే, "దండ తీసి ఆడనే వెట్టి రా, పోస్త" అంది. ఆయన మళ్లీ పోయి కూర్చున్నాడు. ఆమె కూడా ఒకరోజు బీడీల ఆడవాళ్లతో కూర్చుంది. తక్కినవాళ్లు నీళ్లు తాగారు. ఈమె ఆ నీళ్లతో నోరు కూడా పుక్కిలించలేదు.

ఆ రోజుల్లోనే ఢిల్లీకి పంపుతామని టెంటులో సంతకాలు తీసుకున్నారు. మండల పరిషత్ అధ్యక్షుడు నర్సింగం మామ మనిషి ఒకతను కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు. అమ్మమ్మకు చదువు రాదు. ఒక కాగితం మీద వేలు నొక్కింది. అతను ఇంకోటి పెట్టాడు. "ఇంకున్నయా? తే. ఒక్కటేస్తే ఢిల్లోళ్ల కండ్లకు ఆనదు" అని ఆనందంగా నొక్కుతూ పోయింది. పదకొండు. ఆ వారమంతా నీలం వేలు అందరికీ చూపించుకుంది.

నర్సింగం మామ పరాయివాడు కాదు. మా వాడలోనే పుట్టాడు. చిన్నప్పుడు తల్లి కూలికి పోతే అమ్మమ్మ చేతి గట్క తిని పెరిగాడు. అధ్యక్షుడయ్యాక కూడా హోటల్ ముందు కారు ఆపి "చిన్నమ్మా" అని పిలవకుండా పోడు.

ఎండాకాలం వచ్చింది, దీక్ష నూరు రోజులు దాటింది. అప్పుడు మా ఊళ్లో డిగ్రీ చదివే శేఖర్ సమాచార హక్కు కింద ఆఫీసు నుంచి కాగితాలు తెచ్చాడు. అధ్యక్షుడి సమావేశాల ఖర్చుకని సర్కారు ఇచ్చే డబ్బు ఎక్కడ పోయిందని అడిగితే వచ్చిన కాగితాలు. అందులో పదకొండు రసీదులు వజ్రమ్మ హోటల్‌వి. ఒక్కోదానిలో నలభై భోజనాలు. తారీఖులన్నీ దీక్ష నడిచినవే. కింద నీలం వేలిముద్ర.

ఊరు నర్సింగం మామను వదిలేసి దీక్షను పట్టుకుంది. టెంటుకు ఎదురుగా హోటల్, రోజుకు నలభై భోజనాలు, మరి తిన్నది ఎవరు? బస్సు దగ్గర ఒకాయన, "వజ్రమ్మా, నేను సుత కూసుంటి గద. నాకెందుకు వెట్టలే?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. బీడీల ఆడవాళ్లు మాత్రం నవ్వలేదు. వాళ్ల ఉపవాసం కూడా దొంగదైపోయింది కదా. ఆ శుక్రవారం అమ్మమ్మ చర్చికి పోలేదు. నన్ను తిట్టలేదు కూడా. నాకు భయమేసింది.

జగిత్యాల నుంచి విచారణకు ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ముందురోజు సాయంత్రం నర్సింగం మామ కారు లేకుండా నడిచి వచ్చాడు. నేను కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతూ విన్నాను.

"చిన్నమ్మా, రేపు అడిగితే వండిన అని ఒక్క మాట అను. నీ మీదికేం రాదు."

"ఎవలకు వండిన?"

"ఎవలకో ఒకలకు."

"గా తారీఖులల్ల ఈడున్నోళ్లంత ఉపాసమున్నోళ్లే. ఒకనాడైతె నేను సుత ఉన్న. నాకు నేనే వెట్టుకున్ననా?"

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. "నేనేం తినలే చిన్నమ్మా. కోరుట్ల నుంచి మైకు, టెంటు కిరాయి. సిరిసిల్ల నుంచి కండువాలు. హైదరాబాదుకు పోరగాండ్లను తోలిన జీపులకు డీజిలు. సర్కారు బిల్లుల ఉద్యమం అని రాస్తె పాసయితదా? భోజనాలు అని రాస్తెనే అయితది."

"మరి నీ కారుకు కొత్త టైర్లెట్లచ్చినయ్?"

ఆయన కండువా కొసతో మెడ తుడుచుకున్నాడు.

"నాలుగింట్ల రెండే" అన్నాడు. "తక్కిన రెండు నా సొంతం."

నేను నవ్వు ఆపుకోలేక గ్లాసు జారవిడిచాను. అమ్మమ్మ నా వైపు కూడా చూడలేదు.

"టైర్ల సంగతి సర్కారు చూసుకుంటది. తిన్నరో తినలేదో, గది చెప్పు నాకు."

"ఎవ్వలు తినలే."

"నాకు చెప్తె ఏమొస్తది? నాకెరుకనే. గా పైసలతోని తెచ్చిన మైకే ఉన్నది గద ఆడ. అండ్ల చెప్పు."

"చెప్తె నా ముచ్చట బయటవడతది."

"చెప్పకుంటె గీ ఆడోళ్ల ఉపాసం పోతది. నీ కుర్చీ పోతె మళ్లోసారి ఓట్లకు నిలవడచ్చు. వీళ్లు పొయిన దినాలను మళ్ల ఎట్ల ఉపాసముంటరు?"

ఆయన లేచి పోయాడు. పోసిన చాయ్ ముట్టలేదు.

మర్నాడు ఆఫీసరు ముందు అమ్మమ్మ, "వేలు నాదే. వంట నాది కాదు" అని మొదలుపెట్టింది. ఎప్పుడు, ఎందుకని నొక్కిందో అంతా చెప్పింది. ఆయన రాసిన కాగితం మీద మాత్రం వేలు పెట్టలేదు. నన్ను చదవమంది. నేను ఒక్కో అక్షరం పట్టుకుని చదువుతుంటే ఆఫీసరు రెండుసార్లు గడియారం చూశాడు. "ఆగుండ్రి సారూ. పోయినసారి ఆత్రపడే ఆగమయ్యిన" అంది. చివరిదాకా విన్నాకే నొక్కింది. ఒక్కసారే.

బయటికి వచ్చేసరికి టెంటులో మైకు గరగరమంటోంది. నర్సింగం మామ ఇస్త్రీ చొక్కాలో, కండువా లేకుండా నిలబడి ఉన్నాడు. ఆ రోజు వంతు బీడీల ఆడవాళ్లదే.

"ఈ శిబిరంల కూసున్నోళ్లెవ్వలు తినలే" అన్నాడు. "వజ్రమ్మ చిన్నమ్మ ఎవ్వలకు వండలే. భోజనాల బిల్లులు నేనే రాయించిన. గవి దొంగవి." ఆ మాటతో మైకు కింద పెట్టబోయాడు.

అమ్మమ్మ రోడ్డు మీద నుంచే చెయ్యెత్తింది. "మళ్లోసారి చెప్పు, నర్సింగం. బస్సు చప్పుడుకు ఎనకున్నోళ్లకు ఇనవడలే."

బస్సు పోయేదాకా ఆయన ఆగాడు. మైకు మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకుని, మొదటి మాట నుంచీ మళ్లీ చెప్పాడు.