పచ్చ పెట్రోలు, మాడిన పిస్టన్లు

చెట్లు కోసే మిషన్ ఒకటి నా పరువును మొదలంటా కోసేసిన వైనం చెబుతాను. నవ్వితే నవ్వండి కానీ, పక్కవాళ్లను చూస్తూ నవ్వకండి. నాకు అనుమానమొస్తుంది.

అది నక్సలైట్ అన్నల కాలం. కోరుట్లలో పగలు పోలీసులు, రాత్రి అన్నలు అడిగే ప్రశ్న ఒక్కటే: నువ్వెవరి మనిషివి? నా నీడ వెంట వస్తున్నా ఎవరు పంపారా అని చూసేవాణ్ని. బడితో పొత్తు కుదరక చిన్నప్పుడే స్పానర్ పట్టుకుని, పొలాల డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ని.

మస్కట్ నుంచి వచ్చిన గంగన్న ఆ మిషన్‌ను నా ముందు పెట్టాడు. పిస్టన్ అరిగిపోయింది.

"తమ్మీ, గిది నడిస్తేనే నేను ఈడ బతుకుత. లేకుంటే మళ్ల మస్కటే."

"నా చెయ్యి పడ్డంక నడువక ఎటు పోతది గంగన్నా."

మస్కట్ నుంచి సెలవుపై వచ్చినవాళ్ల పెట్టెలో, సబ్బుల మధ్య కొత్త పిస్టన్ దిగింది. బిగించాక గంగన్న ఇచ్చిన డబ్బా మూత తీస్తే పెట్రోలు ఆకుపచ్చగా ఉంది. ఎదురుషాపు మల్లేశం ఏదో కలిపాడనుకుని పారబోసి, బంకు నుంచి స్వచ్ఛమైనది తెచ్చి పోశాను. ఆయిల్ అంటారా, దానికి మిషన్‌కే వేరే మూత ఉంది. నిండా పోశాను. మిషన్ కాసేపు అరిచి, గొంతు పట్టేసిన గాయకుడిలా ఆగింది. పిస్టన్ మాడింది.

"నా పెట్రోల్ల ఏం గలిపినవ్ మల్లేశం?"

"నా చాయ్‌ల చక్కెర గలుపుకునేతందుకే నాకు తీరుతలేదు."

తీరిక లేదంటే ఏదో చేస్తున్నట్టే కదా.

రెండో పిస్టన్ వచ్చింది. గంగన్న తెచ్చిన పెట్రోలు మళ్లీ పచ్చగానే ఉంది. పారబోశాను. అదీ మాడింది. ఈసారి గంగన్న మీదే అనుమానం: మస్కట్ మీద మనసై, నెపం నా నెత్తిన పెడుతున్నాడేమో.

మూడోదీ చివరిదీ అయిన పిస్టన్ బిగించి, పచ్చ పెట్రోలు మురికి మోరీలో ఒంపుతుంటే గంగన్న వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"చప్పుడు జెయ్యకు. నీకెవలో పగోడున్నడు. పెట్రోల్ల ఏందో గలుపుతున్నడు."

గంగన్న బెంచీ మీద కూలబడ్డాడు. "గా పగోణ్ని నేనే. గీ మిషన్‌కు పెట్రోల్లనే ఆయిల్ గలపాలె. గా పచ్చరంగు గా ఆయిల్‌దే."

"మరి గా రెండో మూత?"

"గది చెట్లు గోసే గొలుసుకు."

మళ్లీ కలుపుకొచ్చి తాడు లాగాడు. మిషన్ గర్జించింది. గంగన్న మస్కట్ తప్పిందని మురిసిపోతుంటే, కాల్పులనుకుని బజారంతా ధన్‌ధన్ షట్టర్లు దించింది. బజార్లో ఉన్న కానిస్టేబుల్ పోయి, మల్లేశం షాపులో గల్లాపెట్టె వెనక దూరాడు.

ఆ రోజే ఒట్టేసుకున్నాను, జన్మలో ఎవరినీ అనుమానించనని. ఇది మీరు నమ్మడం లేదంటే, మీ చెవిలో మల్లేశం ఏదో ఊదినట్టే.