ఎవరూ ఇవ్వని ఖో

మార్కండేయుడిని యమపాశం నుంచి కాచిన మహాదేవుడికి ముందుగా దండం. ఆయన కరుణ లేకపోతే ఈ వేసవిని ఇలా నెమ్మదిగా కూర్చుని తలుచుకోగలిగేదాన్ని కాదు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న మగ్గం దిగాక గుడిలో పురాణం చదివేవాడు, నేను పక్కన కూర్చుని వినేదాన్ని. ఇప్పుడు మా సోమవారం భజనలో నేనే చదివి అర్థం చెబుతున్నాను. పోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారే గానీ గోడల మీద కూర్చోరని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను.

మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే నీలం నగర్‌లో ఒక బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. మరాఠీ అలవాటు ప్రకారం అందరూ నన్ను 'బాయి' అని పిలుస్తారు. సెలవులంటే నాకు భయం. బడి మూసిన మర్నాడే ఆడపిల్లలు తల్లుల పక్కన బీడీల చాట ముందు కూర్చుంటారు. జూన్‌లో కొందరు మళ్లీ లేవరు. అందుకే ఎండాకాలంలో ఖోఖో నేర్పిస్తాను. ఆటకు వచ్చే పిల్ల బడి తెరిచేదాకా నా కళ్ల ముందు ఉంటుంది.

ఆట తెలియనివారికి ఒక్క మాట. తరిమే జట్టులో ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు, ఒకరు పరుగెత్తుతారు. ఆ పరుగెత్తే పిల్ల వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి "ఖో" అంటేనే కూర్చున్న పిల్ల లేవాలి. తనంతట తాను లేస్తే ఫౌల్.

మా జట్టులో రేణుక మంచి ఆటగత్తె. దాని నానమ్మను బడి బడంతా బాపమ్మ అనేవాళ్లం. ఆమె మైదానం పక్క పిట్టగోడ మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఆట చూసేది. చూసి ఊరుకునేదా? గొంతు చించుకుని తనే "ఖో" అనేది. పిల్లలు లేచిపోయేవారు.

"బాపమ్మా, నువ్వు ఖో అనకు. ఫౌల్ అయితున్నది" అని బతిమాలాను.

"అయితే కానియ్యి బాయీ. నేను సిన్నప్పుడు చాట ముందు కూసున్న. నన్నెవ్వరు లేపలే. వీళ్లనన్న లేపనియ్యి."

ఆమెను మాన్పించలేక పిల్లలకే నేర్పాను: గొంతు విని లేవద్దు, వీపు మీద చెయ్యి పడితేనే లేవాలి. రెండేళ్లు అదే సాధన. రేణుకకు అది ఒంటబట్టింది. చెవిలో అరిచినా కదిలేది కాదు.

మొన్న మాఘంలో బాపమ్మ పోయింది. తర్వాత వాళ్ల కుటుంబం కుంభారి కాలనీకి మారింది. బడి దూరమైంది. ఇక చదువు చాలని రేణుక తల్లి సావిత్ర తేల్చేసింది. పక్క తాలూకాలో జరిగే వేసవి పోటీకి పంపమని అడగడానికి వెళ్లాను.

"ఈ ఒక్క ఆటే బాయీ. అచ్చినంక చాట ముందు కూసుంటది. మా పొల్లకేమన్న అయితే నేను మిమ్ములనే అడుగుత" అంది.

క్షేమంగా తెచ్చి అప్పజెబుతానని మాటిచ్చాను.

ఎస్టీ అనే సర్కారు బస్సులో పిల్లలు దారంతా భజన పాటలతో అంత్యాక్షరి ఆడారు. రేణుక మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అదే తన చివరి ప్రయాణమన్నట్టు ఉంది దాని ముఖం.

మా ఆట మధ్యాహ్నం. ఎండకు మైదానం మీద గుడ్డ పందిరి వేశారు, పైన ఇనుప పైపులు. రేణుక వరుస మధ్యలో కూర్చుంది. నేను పక్కనే గీత అవతల నిలబడ్డాను. పరుగెత్తుతున్న కవిత ఆ చివర స్తంభం దగ్గర ఉంది.

"ఖో" అని వినబడింది. బొంగురుగా, సాగదీసి. మా పిల్లల గొంతులన్నీ నాకు తెలుసు. అది వాళ్లలో ఎవరిదీ కాదు.

రేణుక చివాలున లేచి ఉరికింది. అంపైర్ విజిల్ ఊదాడు. ఫౌల్.

"ఎవరిచ్చిన్రే నీకు ఖో?" అని కేకేశాను. అది జవాబు చెప్పేలోపే సుడిగాలి వచ్చింది. పందిరి గుడ్డ పైకి లేచింది. ఒక పైపు ఊడి సరిగ్గా రేణుక కూర్చున్న గడిలో పడి మట్టిలో దిగబడింది.

పరుగున వెళ్లి రేణుకను పట్టుకున్నాను.

"చెయ్యి పడ్డది బాయీ. గరుకు చెయ్యి" అంది రేణుక, వీపు తడుముకుంటూ. అటూ ఇటూ కూర్చున్న పిల్లలు తాము కదల్లేదన్నారు. కవితను అడిగితే, "నేను ఆ కొసకున్న బాయీ. నా చెయ్యేమన్న రబ్బరా?" అని ఏడుపు గొంతుతో అంది.

గాలికి బెదిరి లేచి ఉంటుందని అంపైర్ అన్నాడు. నాకూ అలాగే అనుకోవాలని ఉంది. కానీ గాలి విజిల్ తర్వాత వచ్చింది. పైగా ఆ పిల్ల చెయ్యి పడనిదే లేవదు. అలా నేర్పింది నేనే.

రేణుకను వెంటబెట్టుకుని కుంభారి వెళ్లి సావిత్రకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చేతిలో బీడీ ఆకు అలాగే ఆగిపోయింది. నన్ను నిలదీస్తుందనుకున్నాను. కూతురిని దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది.

"బతికినన్నాళ్లు నాతోని కొట్లాడింది. పోయినంక గూడ నా మాట సాగనియ్యది ముసల్ది" అని నవ్వబోయి ఏడ్చేసింది. తర్వాత చాటను పక్కకు జరిపింది.

"మా అత్త లేపిన పొల్లను నేనెట్ల కూసోబెట్టాలె బాయీ?"

జూన్‌లో రేణుక బడికి వస్తుంది. ఆ రోజు పడిన చెయ్యి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చదివిన ఏ పురాణంలోనూ దానికి జవాబు దొరకలేదు. దయ్యమని అనలేను, ఏమీ జరగలేదనీ అనలేను.

ఇది చదివిన మీరు ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతోపాటు అనండి: మార్కండేయుడిని కాచిన స్వామీ, కుంభారిలో పొద్దున్నే బస్సెక్కే మా పిల్లను కాపాడు. చాటల ముందు కూర్చున్న మిగతా పిల్లల వీపుల మీద కూడా ఒక్కసారి చెయ్యి వెయ్యి.