మెట్ల పక్క పాస్టర్లు

మొన్న శనివారం ఆష్‌బర్న్‌లో మా వీధి చివరింట్లో పాత సామాన్లు అమ్ముతుంటే మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకెళ్ళింది. గోడవారన బోర్లించి ఉన్న ఒక ఫ్రేమును తిప్పి చూసి, "ఎవరమ్మా ఈ అంకుల్? చాలా క్రీపీగా ఉన్నాడు" అంది. పద్దెనిమిదో శతాబ్దపు పాస్టరు. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ. పొడి చల్లిన విగ్గు, గడ్డం కింద రెండు తెల్లటి పట్టీలు. ఆ ఫ్రేము దాని చేతిలోంచి తీసుకున్నాను.

డాక్టరు శిక్షణకి ఈ దేశం వచ్చిన కొత్తలో, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంట్లో, మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ భర్తా పాస్టరే. ఆయన పోగుచేసిన ఇలాంటి బొమ్మల్లోని పాతకాలపు పాస్టర్లు తొమ్మిదిమంది మెట్ల పక్క గోడ మీద బారులు తీరి ఉండేవారు. ఎటు కదిలినా వాళ్ళ చూపు నా వెంటే వచ్చేది. ఆవకాయ సీసాను కూడా, అదేదో పాపమైనట్టు, శాలువా చాటున దాచుకుని పైకెళ్ళేదాన్ని. నా అవస్థ కనిపెట్టి ఒకరోజు ఆవిడ భూతద్దం చేతికిచ్చి, దగ్గరికెళ్ళి చూడమంది. చూస్తే కళ్ళూ లేవు, బుగ్గలూ లేవు. వెంట్రుకంత సన్నని గీతలు, చుక్కలు. భయం సగం పోయింది. కానీ చివరాయన విగ్గు పక్కన, మసకమసకగా, ఇంకో చెవి కనిపించింది. ఒకాయన ముఖం చెక్కిన రేకునే గీకి, దాని మీద మరొకాయన్ని చెక్కేవారట. "మొదటాయన ఎవరో ఇప్పుడెవరికీ తెలీదు" అంది ఆవిడ, అద్దం మీద దుమ్ము తుడుస్తూ.

ఆ చలికాలం ఆవిడకి మతిమరుపు మొదలైంది. ఒక ఉదయం, చిన్నతనంలోనే పోయిన కూతురి పేరు పెట్టి నన్ను పిలిచింది. నేను కాదన్నాను, మీ అమ్మాయి ఎప్పుడో పోయింది కదా అని కూడా గుర్తుచేశాను. ఆ కబురు అప్పుడే విన్నట్టు, మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మర్నాడు మళ్ళీ అదే పేరు. ఈసారి "వస్తున్నా, మామ్" అన్నాను. ఆవిడ హాయిగా రొట్టె కాల్చి పెట్టింది. వసంతం దాకా ఆ పేరుకే పలికాను. నా అబద్ధం ఆ గోడ మీది పెద్దలకి తెలుసనిపించేది.

తర్వాత వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. ఆవిడకి తోడుగా చెల్లెలు వచ్చింది. నేను బయల్దేరుతుంటే ఆవిడ నా కోటు బొత్తాలు తానే పెట్టి, "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది.

"ఆదివారం" అన్నాను.

వెళ్ళలేదు. మొదట పని అడ్డం, తర్వాత సిగ్గు. ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయిందని చెల్లెలు ఉత్తరం రాసింది. ప్రతి ఆదివారం కిటికీ దగ్గర కూర్చునేదట.

ఎన్ని వందల ఆదివారాలు వచ్చి వెళ్ళాయో లెక్కలేదు; నేను చెప్పిన ఆదివారం మాత్రం ఇంకా రాలేదు.